ఇరుకుగా ఉండటం వేరు, కలిసి ఎదగడం వేరు

నల్లగొండ జిల్లా పల్లెలలో బాల్యం గడిపిన మా తరం వారికి బోరు నీరంటే ఒక భయం ఉండేది. ఆ నీటిలోని ఫ్లోరైడ్ పిల్లల పళ్లకు గార పట్టించింది, పెద్దల ఎముకలను వంచింది, నడివయసులోనే ఎందరి చేతికో కర్రనిచ్చింది. ఆ దుఃఖం వల్లనే మా జిల్లా పేరు శాస్త్ర గ్రంథాలకు ఎక్కింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970ల దశకంలో రూపొందించిన ఒక నీటిశుద్ధి విధానాన్ని ప్రపంచమంతటా ‘నల్లగొండ పద్ధతి’ అనే పిలుస్తారు. టాంజానియా, ఇథియోపియా వంటి ఆఫ్రికా దేశాలలోనూ దానిని వాడి చూశారు.

ఆ పద్ధతికి కావలసిన ముఖ్య వస్తువులు పటిక, సున్నం. వాటిని నీటిలో వేసి మొదట వేగంగా, తరువాత నెమ్మదిగా కలపాలి. కొద్దిసేపటికి దూదిపింజల వంటి తెల్లని రేణువులు ఏర్పడతాయి. అవి ఒకదానినొకటి అంటుకొని పెరుగుతాయి, ఫ్లోరైడ్‌ను తమతో పట్టుకొని అడుగుకు దిగుతాయి. గంటసేపు కదపకుండా ఉంచి పై తేటను వంచుకోవాలి. కంటికి కనిపించని రేణువులు ఒకటిగా చేరి పని చేసే ఈ ప్రక్రియను శాస్త్రజ్ఞులు సమూహీకరణ అంటారు. మన ఊరి మాటలో పోగుపడటం.

విశ్రాంత గుమాస్తాలమైన మాకు ఈ శాస్త్రంతో పనేమిటని పాఠకులు అడగవచ్చు. సిమెంటు కొలిమిలో పొడి గడ్డకట్టడానికీ, ఒక పట్టణంలో పరిశ్రమలు పోగుపడటానికీ పరిశోధకులు ఇదే మాట వాడుతున్నారు. రాష్ట్ర సంపద ఎక్కడ పోగుపడుతుంది, ఎవరి చుట్టూ పోగుపడుతుంది, ఎవరిని వదలి పోగుపడుతుంది అన్న ప్రశ్నలు మన పిల్లల బతుకుతెరువుకు సంబంధించినవి. వాటిని ఆర్థికవేత్తలకే వదిలివేయడం మనకు తగదని మా అభిప్రాయం.

రేణువులు చెప్పే మూడు సంగతులు

పోలండ్ శాస్త్రజ్ఞుడు స్మోలుకోవ్‌స్కీ 1916–17 ప్రాంతంలో రేణువుల కలయికకు ఒక లెక్క కట్టాడు. రెండు రేణువులు అంటుకోవాలంటే ముందు అవి ఎదురుపడాలి. నీటిలో రేణువుల సాంద్రత సగానికి తగ్గితే వాటి కలయికలు సగానికి కాదు, నాలుగో వంతుకు పడిపోతాయి. పలుచగా చెదిరినవారు ఎందుకు అంత త్వరగా బలహీనపడతారో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

రెండవ సంగతి, ఎదురుపడినంత మాత్రాన అంటుకోవు. బురద నీటిలోని రేణువులన్నిటి మీదా ఒకే రకపు విద్యుదావేశం ఉంటుంది కనుక అవి ఒకదానినొకటి తోసుకుంటాయి. పటిక ఆ ఆవేశాన్ని తగ్గించిన తరువాతే అవి దగ్గరవుతాయి. మూడవది, మోతాదు. పటిక తక్కువైతే పని జరగదు. మరీ ఎక్కువైతే ఆవేశం తిరగబడి రేణువులు మళ్లీ విడిపోతాయి. గట్టిగా తిప్పినా కట్టిన పింజలు చితికిపోతాయి.

చేరువ, నమ్మకం, మోతాదు: ఈ మూడూ మనుషుల లెక్కలలోనూ ఉన్నాయి.

ఊళ్లు ఎలా పోగుపడతాయి

ఆంగ్ల ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ 1890లోనే ఈ ప్రశ్న వేసుకున్నాడు. ఒకే వృత్తివారు ఒకే చోట చేరితే మూడు లాభాలు ఉన్నాయన్నాడు. పని తెలిసిన చేతులు దొరుకుతాయి. ముడిసరుకు, పనిముట్లు అమ్మేవారు వెతుక్కుంటూ వస్తారు. ఒకరి మెళకువ మరొకరికి, ఒక తరం నుండి మరొక తరానికి మాటల్లోనే అందుతుంది.

ఈ మాటకు మన దగ్గరే నిదర్శనం ఉన్నది. పోచంపల్లిలో ఒక చీర తయారు కావాలంటే నూలు తెచ్చేవారు, చిటికి కట్టేవారు, రంగు వేసేవారు, పడుగు పోసేవారు, మగ్గం మీద కూర్చునేవారు, అమ్మిపెట్టేవారు అందరూ కావాలి. వారంతా నాలుగు వీధుల దూరంలో ఉండటమే ఆ ఊరి పెట్టుబడి. ఆ పెట్టుబడి బలంతోనే పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పక్కనే ఉన్న పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో ఆ గుర్తింపు దక్కింది. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెట్టి నేసే ఆ రుమాళ్లు ఒకనాడు అరబ్బు దేశాలవారి తలపాగాలుగా ఓడలెక్కాయి. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న మెట్ట ప్రాంతపు నేత సముద్రం దాటి వెళ్లిన బజారుతో ముడిపడిందంటే, దాని వెనుక ఒంటరి నేతగాడు కాక ఊరికి ఊరే ఉన్నది.

మిర్యాలగూడ కథ మరొకటి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత ఎడమ కాలువ కింద వరి పెరిగింది. వరి వెంట మిల్లులు వచ్చాయి. మిల్లుల వెంట లారీలు, లారీల వెంట మెకానిక్కులు, గోనెసంచుల వ్యాపారులు, హమాలీలు వచ్చారు. కృష్ణా తీరాన వాడపల్లి, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సున్నపురాయి ఉన్నది కనుక సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. అక్కడి కొలిమిలో 1450 డిగ్రీల వేడి వద్ద పొడి కరిగీ కరగని స్థితిలో గుండ్లుగా గడ్డకడుతుంది. దానినే క్లింకర్ అంటారు. ఒకే నేలలో రాతిపొడీ పోగుపడింది, కర్మాగారాలూ పోగుపడ్డాయి.

అయితే పోగుపడటానికి ఒక చీకటి పక్క ఉన్నది. స్వీడన్ ఆర్థికవేత్త గున్నార్ మిర్దాల్ 1957లో దానిని స్పష్టంగా చెప్పాడు. ఒకచోట వృద్ధి మొదలైతే అది చుట్టుపక్కల నుండి పెట్టుబడినీ, చురుకైన యువతనూ లాక్కుంటుంది. లాక్కున్నకొద్దీ మరింత పెరుగుతుంది, ఇవతలి ప్రాంతం మరింత తరుగుతుంది. పాల్ క్రుగ్మన్ 1991లో ఇదే సంగతికి గణిత రూపం ఇచ్చాడు, 2008లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. పాలమూరు జనానికి ఇది పుస్తకం చదివి తెలుసుకోవలసిన సంగతి కాదు. నాగార్జునసాగర్ మొదలు దేశంలోని ఎన్నో ఆనకట్టలకు మట్టి మోసినవారు పాలమూరు కూలీలు. ఇతరుల చేలకు నీరిచ్చే కట్టలు కట్టి, తమ ఊరి బీళ్లకు తిరిగి వచ్చినవారు. నేడు వారి మనుమలు హైదరాబాదు అపార్ట్‌మెంట్లకు సెంట్రింగు కడుతున్నారు.

2016లో జిల్లాలను విభజించినప్పుడు ఈ సంగతి పటం మీదనే కనబడింది. హైదరాబాదును ఆనుకొని పరిశ్రమలు పెరిగిన షాద్‌నగర్, కొత్తూరు పాత మహబూబ్‌నగర్ నుండి రంగారెడ్డి జిల్లాకు వెళ్లాయి. చౌటుప్పల్, పోచంపల్లి, భువనగిరి యాదాద్రి జిల్లా అయ్యాయి. తలసరి ఆదాయంలో రంగారెడ్డి జిల్లా రాష్ట్రానికి తలమానికంగా ఉన్నది. నారాయణపేట, నాగర్‌కర్నూల్, గద్వాల వంటి చోట్ల యువకుడికి తెల్లవారితే బస్సెక్కడమే ఉపాధి.

మనము ఎక్కడ ఉన్నాము

ఈ చిత్రంలో దక్షిణ తెలంగాణ ముస్లిం ఎక్కడ ఉన్నాడు? విజయవాడ రహదారి వెంట నకిరేకల్, సూర్యాపేట, కోదాడ దాకా, బెంగళూరు రహదారి వెంట జడ్చర్ల, కొత్తకోట దాకా చూడండి. మెకానిక్ షెడ్డు, వెల్డింగ్ దుకాణం, టైర్ల పంక్చర్ షాపు, పండ్ల బండి, టైలరింగ్, పరుపుల దుకాణం. ముస్లిం శ్రామికులలో స్వయం ఉపాధి ఇతరులకంటే ఎక్కువ అని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక చెప్పిన మాటకు ఈ రెండు రహదారులే సాక్ష్యం. చేతిలో పని ఉన్నది. పనికి తగిన ఎదుగుదల లేదు.

మా మిత్రుడొకరు వాదించారు: “మనవాళ్లు ఇప్పటికే ఒకేచోట పోగుపడి ఉన్నారు గదా, ప్రతి పట్టణంలో మనకో మొహల్లా ఉన్నది, మరి లాభమెందుకు రాలేదు?” ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. దానికి జవాబు దూదేకుల వృత్తిలోనే ఉన్నదని మాకు తోస్తుంది. గింజ తీసిన దూది ఉండలు కట్టి ఉంటుంది. ఆ ఉండలో పోగులన్నీ దగ్గరగానే ఉంటాయి, కాని దానితో పరుపూ కాదు, నూలూ కాదు. దూదేకులవారు విల్లుతో దానిని ఏకి, పోగు పోగునూ విడదీసి, మళ్లీ సమంగా పరుస్తారు. అప్పుడు అది ఏకు అవుతుంది, పనికి వస్తుంది. ఉండలోనూ పోగులు కలిసే ఉన్నాయి, ఏకులోనూ కలిసే ఉన్నాయి. మొదటి కలయిక ఇరుకు, రెండవది అమరిక.

మన మొహల్లాలు చాలావరకు ఉండలు. కొన్ని భయం వల్ల ఏర్పడ్డాయి, కొన్ని వేరేచోట ఇల్లు అద్దెకు దొరకక ఏర్పడ్డాయి. ముస్లింలు ఎక్కువగా ఉన్న కొన్ని ప్రాంతాలను రుణమివ్వరాని ప్రాంతాలుగా కొన్ని బ్యాంకులు గుర్తించాయని సచార్ కమిటీయే నమోదు చేసింది. పోచంపల్లిలో ఒకే వృత్తివారు ఒక వీధిలో ఉంటే దానికి గుర్తింపు పత్రం వస్తుంది. మన వీధిలో ఒకే వృత్తివారు ఉంటే అది అనుమానానికి ఆనవాలు అవుతుంది. సాంద్రత ఒకటే, ఫలితం వేరు. తేడా మధ్యలో పడే పటికలో ఉన్నది. రోడ్డు, విద్యుత్తు, బ్యాంకు, శిక్షణ కేంద్రం, స్థలం మీద హక్కు: ఇవి పడిన చోట గుంపు పరిశ్రమ అవుతుంది, పడని చోట మురికివాడగా మిగులుతుంది.

విషాదమేమంటే పత్తి సాగులో రాష్ట్రంలో ముందు వరుసలో ఉన్న నల్లగొండ జిల్లాలోనే దూదేకుల వృత్తి అంతరించిపోతున్నది. పత్తి మన చేలలో పండుతుంది, జిన్నింగ్ మిల్లుకు పోతుంది, బేళ్లుగా లారీలెక్కి వెళ్లిపోతుంది. ఫోము పరుపై తిరిగి వచ్చి మన దుకాణం ముందే అమ్ముడవుతున్నది.

మేము కట్టిన దస్త్రాలు

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగ కాలంలో ఒక పట్టణపు కార్యాలయంలో స్వయం ఉపాధి రుణాల దస్త్రాలు మా బల్ల మీదికి వచ్చేవి. ఒక ఏడాది ఒకే వీధి నుండి పదకొండు మంది మెకానిక్కులు దరఖాస్తు పెట్టుకున్నారు. అందరికీ కావలసింది ఒకటే, ఇంజిన్ బోరింగ్ పనికి ఒక యంత్రం. ఆ యంత్రం లేక ప్రతి ఇంజిన్ బ్లాకునూ హైదరాబాదు పంపేవారు. కూలిలో సగం అక్కడే పోయేది. కాని ఒక్కొక్కరికి వచ్చే రుణ పరిమితితో ఆ యంత్రం రాదు. అందుకని ఒకరు కంప్రెసర్ అని, ఒకరు పనిముట్ల పెట్టె అని, ఒకరు షెడ్డు మరమ్మతు అని రాయించుకున్నారు. మేము పదకొండు దస్త్రాలను నియమం ప్రకారం విడివిడిగా పరిశీలించి, విడివిడిగా కట్టాము. ఇద్దరికి మంజూరైంది. మిగిలినవి ఆర్థిక సంవత్సరం ముగిసేసరికి అటకెక్కాయి. బోరింగ్ యంత్రం ఆ వీధికి రానే లేదు.

దస్త్రాలు కట్టే తాడు మా చేతిలోనే ఉండేది. ఆ పదకొండింటినీ ఒక కట్టగా కట్టి, ‘వీరందరి అవసరం ఒకటే, వీరికి ఉమ్మడిగా ఒక యంత్రం ఇవ్వవచ్చునా’ అని పైఅధికారికి ఒక నోట్ రాయాలన్న ఆలోచన మాకు రాలేదు. నియమం అడగలేదు, మేము రాయలేదు. విశ్రాంతి తీసుకున్న తరువాత ఆ వీధి మీదుగా వెళ్లిన ప్రతిసారీ ఈ మాట గుర్తుకు వస్తుంది.

నేటి పథకాలు కూడా ఆ తీరునే నడుస్తున్నాయి. 2023లో రాష్ట్ర ప్రభుత్వం మైనారిటీలకు లక్ష రూపాయల పూర్తి రాయితీ పథకం ప్రకటించింది. మహిళలకు కుట్టుమిషన్ల పంపిణీ ఏళ్లుగా సాగుతున్నది. ఏ పార్టీ ప్రభుత్వమైనా పద్ధతి ఒకటే: ఒక మనిషి, ఒక దరఖాస్తు, ఒక చెక్కు లేదా ఒక మిషన్. పేద ఇంటికి లక్ష రూపాయలు చిన్న మొత్తం కాదు, దానిని మేము తక్కువ చేయము. కాని చెరువులో అక్కడొక పలుకు ఇక్కడొక పలుకు పటిక వేస్తే నీరు తేటపడదు. ముప్పై మంది స్త్రీలకు ముప్పై కుట్టుమిషన్లు ఇస్తే ముప్పై మంది ఒకే గల్లీలో ఒకే జాకెట్టు కుట్టి, ఒకరి ధరను ఒకరు దించుకుంటారు. వారికే ఒక కటింగ్ బల్ల, ఒక కాజా మిషన్, ఒక హాలు, పాఠశాల యూనిఫారాల ఆర్డరు ఒకటి కలిపి ఇస్తే అది ఒక పరిశ్రమ.

ఏమి అడగాలి

ఇందుకు ప్రభుత్వ విధానంలో చోటు లేకపోలేదు. సూక్ష్మ, చిన్న పరిశ్రమల క్లస్టర్ అభివృద్ధికి కేంద్ర పథకం ఉన్నది. సంప్రదాయ వృత్తులవారి సమూహాల కోసం 2005లో ‘స్ఫూర్తి’ పథకం మొదలైంది. ఇవి వ్యక్తికి కాక, చట్టబద్ధంగా నమోదైన సమూహానికి ఉమ్మడి వసతి కేంద్రం కట్టుకొనేందుకు సాయపడతాయి. మన మొహల్లాలలో ఈ పథకాల పేరు విన్నవారు ఎందరు? 2016లో సుధీర్ కమిషన్ నివేదిక వచ్చిన తరువాత చర్చ అంతా రిజర్వేషన్ శాతం చుట్టూ తిరిగింది. ఆ డిమాండు న్యాయమైనదే. కాని షెడ్డులో గ్రీజు చేతులతో ఉన్నవాడికి ఉద్యోగ కోటా ఒక్కటే దారి కాజాలదు.

అందువలన మేము కోరేవి ఇవి. మైనారిటీ ఆర్థిక సంస్థ నిధులలో కొంత భాగాన్ని ఉమ్మడి దరఖాస్తులకు కేటాయించాలి. మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట, వనపర్తి, నారాయణపేటలలో మెకానిక్కులకు ఊరి చివర చట్టబద్ధమైన స్థలం, దాని మీద దీర్ఘకాలపు లీజు ఇవ్వాలి. రోడ్డు వెడల్పు పేరుతో రాత్రికి రాత్రి తొలగించగల షెడ్డులో ఎవరూ పెద్ద యంత్రం పెట్టరు. దివిటిపల్లి వద్ద బ్యాటరీ కర్మాగారాలు వస్తున్నాయి. విద్యుత్ వాహనాలు పెరిగితే నేటి ఇంజిన్ మెకానిక్కు పని తగ్గుతుంది. ఆ కర్మాగారాల నీడలోనే మన పిల్లలకు ఆ పనిలో శిక్షణ కావాలి.

ఇంకొకటి మరువరాదు. నల్లగొండ పద్ధతిలో తేటనీరు పైన నిలుస్తుంది, ఫ్లోరైడ్ నిండిన మడ్డి అడుగున మిగులుతుంది. ఆ మడ్డిని ఎక్కడ పారబోయాలన్నది ఆ పద్ధతికి ఉన్న చిక్కులలో ఒకటి. పరిశ్రమలు పోగుపడిన చోట కూడా మడ్డి ఉంటుంది. పోలేపల్లి రైతులు ఔషధ పరిశ్రమల మండలికి భూములు పోగొట్టుకొని పడిన బాధ పాలమూరులో అందరికీ తెలిసినదే. మన కోసం అడిగే క్లస్టరు మరొకరి పొలం మీద, మరొకరి బావి మీద నిలబడరాదు.

మనవైపు చేయవలసినది

ప్రభుత్వానికి చెప్పడం సులభం. రెండేళ్ల కిందట మేము కొందరు విశ్రాంత ఉద్యోగులం కలిసి ఆ మెకానిక్కులను ఒకచోట కూర్చోబెట్టాము. మొదటి రోజు ఎవరూ నోరు విప్పలేదు. తన గిరాకీ పక్కవాడికి తెలిసిపోతుందని ఒకరి అనుమానం. యంత్రం పెద్దవాడి చేతిలోకి పోతుందని చిన్నవాడి భయం. ఒకే ఆవేశం ఉన్న రేణువులు తోసుకుంటాయన్న మాట ఆనాడు కళ్లారా చూశాము. నాలుగవ సమావేశంలో ఒక రిజిస్టరు తెరిచాము. ఎవరు ఏ రోజు యంత్రం వాడాలి, ఎంత చెల్లించాలి, లెక్క ఎవరు చదివి వినిపించాలి అన్నది యంత్రం రాకముందే రాసుకున్నాము. ఆ రిజిస్టరే మా పటిక. వడ్డీ ఇష్టపడనివారి కోసం నెలనెలా చందా పద్ధతి పెట్టుకున్నాము. వడ్డీ లేని పరస్పర సహాయ సంఘాలు హైదరాబాదు గడ్డకు నిజాం కాలం నుండే తెలుసు, ఇది కొత్త ఆలోచన కాదు. సంఘంలో ఇద్దరు విశ్వబ్రాహ్మణ లేత్ పనివారు, ఒక గౌడ సోదరుడు కూడా ఉన్నారు. పని ఒకటైన చోట కులమూ మతమూ అడగనక్కరలేదు. మనలో మనమే మూసుకుంటే అది మళ్లీ ఉండే అవుతుంది.

మోతాదు కూడా పాటించాము. నాయకులెవరినీ అధ్యక్షస్థానంలో కూర్చోబెట్టలేదు. ఒకే మనిషి పలుకుబడి మీద కట్టిన సంఘం ఆ మనిషి అలిగిన రోజున విడిపోతుంది. తొందరా పడలేదు. గట్టిగా తిప్పితే పింజలు చితుకుతాయి గదా.

యంత్రం ఇంకా రాలేదు. దరఖాస్తు వెళ్లింది. ఈసారి పదకొండు దస్త్రాలు లేవు, ఒకటే ఉన్నది, దాని మీద పద్నాలుగు సంతకాలు ఉన్నాయి. ఆ నోట్‌ను మేమే రాశాము. ఎన్నో ఏళ్ల కిందట రాయవలసిన నోట్ అది. మీ పట్టణంలో, మీ వీధిలో ఒకే పని చేసేవారు పదిమంది ఉంటే, వచ్చే శుక్రవారం నమాజు తరువాత ఒక గంట వారిని కూర్చోబెట్టండి. ఒక రిజిస్టరు కొనండి. మొదటి పుట మీద అందరి పేర్లూ, అందరికీ కావలసిన ఒక్క వస్తువు పేరూ రాయండి. మిగతాది అక్కడ నుండి మొదలవుతుంది.